వెనక మెట్లు

మా ఇంటికి రెండు దారులున్నాయి. ఈ ముక్క రాయడానికి నాకు అరవై రెండేళ్ళు పట్టింది. ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ ఒకటే అని చెప్పేవాణ్ణి. అబద్ధమాడాలని కాదు. రెండోది కూడా దారే అని నాకెప్పుడూ తోచలేదు. వంటింటి పక్క సందు చివర, పాయఖానా తలుపు దాటగానే, సుళ్ళు తిరుగుతూ కిందికి దిగే ఇనప మెట్ల వరస అది. చిన్నప్పుడు అటు పోతే అమ్మ కేకలేసేది. జారిపడతామని భయం కాబోలు అనుకునేవాళ్ళం.

కిందటేడు ఇల్లు బాగుచేయించాను. బాగుచేయించడమంటే డబ్బుతోనూ దుమ్ముతోనూ అయిపోయే పని అనుకుని దిగాను. అది కాస్తా ధర్మసందేహమై కూర్చుంది. దాన్ని ఈ పత్రిక పాఠకుల ముందు పెడుతున్నాను. మీలో చాలామందివి పాత ఊళ్ళు, పాత ఇళ్ళు. ఇలాంటి మెట్లు మీ ఇంటి వెనకా ఉండి ఉండవచ్చు.

మాది ముంబయిలో మాటుంగా. 1896లో ప్లేగు వచ్చి నగరం అల్లాడిపోయాక, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అని ఒకటి పెట్టారు. ఇరుకు పేటల్లో జనం గాలీ వెలుతురూ లేక చస్తున్నారని, ఉత్తరాన దాదరు, మాటుంగా పేటల్ని కాగితం మీద గీతలు గీసి మరీ వేశారు. గీతలు అప్పటివే గాని ఇళ్ళు చాలామటుకు 1930ల్లో, 40ల్లో లేచాయి. వీధి మూల తిరిగేచోట గుండ్రంగా వంపు తిరిగే బాల్కనీలు, కిటికీల మీద కనుబొమల్లా సాగే సన్నటి సిమెంటు చూరులు, మెట్ల దగ్గర సూర్యకిరణాల్లా విచ్చుకున్న ఇనప చువ్వల పని. ఆర్ట్ డెకో అంటారు ఆ పద్ధతిని. ఓవల్ మైదానం పక్కన, మెరీన్ డ్రైవు వెంట ఉన్న ఇలాంటి భవనాల్ని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చింది. మా పేట ఆ జాబితాలో లేదు. మా భవనం నొసటి మీద మాత్రం 1938 అని సిమెంటు అంకెలున్నాయి.

ఆ రోజుల్లో మా తాత ఈ ఊళ్ళో తట్ట మోశాడు. పాలమూరు జిల్లా నుంచి వచ్చినవాడు. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళని ఇక్కడ కామాఠీలన్నారు. వాళ్ళున్న పేట కామాఠీపుర అయింది. ఆ పేరుకు తరవాత వేరే అర్థం అంటుకుంది గాని, అది పేరు పెట్టినవాళ్ళ తప్పు కాదు. తాత ఏ ఏ ఇళ్ళకు సిమెంటు మోశాడో ఆయనకే లెక్క లేదు. ఈ భవనానికీ మోశాడని మా నాన్న అనేవాడు. రుజువేమీ లేదు. రైల్వేలో గుమాస్తా అయిన నాన్న, 1961లో ఈ మొదటి అంతస్తు వాటాను పగిడీ మీద తీసుకున్నాడు. పగిడీ అంటే ఇంటాయనకు ఒక్కసారే పెద్ద మొత్తం కట్టి, ఆ పైన నామమాత్రపు అద్దెకు ఉండిపోయే ఏర్పాటు. తట్ట మోసినవాడి కొడుకు ముందు గుమ్మంలోంచి లోపలికి నడిచాడన్నది మా ఇంట్లో రామాయణమంత కథ. పండగ పండగకీ విన్నాను. అందులో వెనక గుమ్మం ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

ఇక మరమ్మతు సంగతి. హాల్లో పైకప్పు పెచ్చులూడింది. సిమెంటు వెనక ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే అంతే, పెచ్చును తోసేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఎనభై ఏళ్ళ కాంక్రీటుకు ఇది తప్పని రోగం. అదే నెలలో అమ్మ మోకాళ్ళు కూడా మొండికేశాయి. ఆమెకు ఎనభై నాలుగు. గొంతుక్కూర్చునే పాయఖానా ఇక కుదరదన్నాడు డాక్టరు. పుణేలో ఉన్న మా అబ్బాయి, డబ్బు నేను పెడతాను, ఒక్కసారే అన్నీ చేయించేయండి నాన్నా అన్నాడు. కూర్చునే కమోడు, పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీలు, గీజరు, అమ్మ గదికి ఏసీ, చెక్క పట్టీల్లో పోయే పాత కరెంటు తీగల స్థానంలో కొత్తవి, మోడ్యులర్ వంటిల్లు. పాత ఇళ్ళ పని తెలిసిన ఒక ఆర్కిటెక్టు అమ్మాయిని కూడా వాడే కుదిర్చాడు.

పాతదాన్ని చెడగొట్టి సుఖాలు తెచ్చుకోవచ్చా అన్నది పెద్ద ప్రశ్నలా కనిపిస్తుంది గాని, నాకు ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు. 1938 నాటి పాయఖానా ఎంత పాతదైనా అమ్మ మోకాలి కన్నా పాతదేం కాదు. ఇల్లు మ్యూజియం అయ్యాక అందులో మనుషులెందుకు? నాకు చిక్కు వచ్చింది నేల దగ్గర.

నీళ్ళ గొట్టాలు మార్చడానికి నడవాలో బిళ్ళలు లేపారు. ఎంత జాగ్రత్తగా లేపినా ముప్ఫై ఒకటి పగిలాయి. ఎరుపు, నలుపు, పాలమీగడ రంగుల సిమెంటు బిళ్ళలవి, మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు. వీటి తయారీ చూడముచ్చటగా ఉంటుంది. నేను ఒక కార్ఖానాకు పనిగట్టుకుని పోయి చూసొచ్చాను. ఇనప చట్రంలో లోహపు పట్టీలతో చేసిన పువ్వు అచ్చు పెడతారు. తెల్ల సిమెంటు, పాలరాతి పొడి, రంగు కలిపిన జావను అచ్చులో ఒక్కో గదిలోకి ఒక్కో రంగు చొప్పున గరిటెతో పోస్తారు. పోశాక అచ్చును ఊపిరి బిగబట్టి పైకెత్తేస్తాడు పనివాడు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి పోకుండా, ఎక్కడివక్కడ నిలబడతాయి. మీద పొడి సిమెంటూ ఇసుకా చల్లి ప్రెస్సు కింద నొక్కుతారు. తరవాత నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టడమే. కొలిమి లేదు, కాల్చడం లేదు. తమిళనాడు పాఠకులకు చెట్టినాడు ఆత్తంగుడి బిళ్ళలు తెలిసే ఉంటాయి. అక్కడ ప్రెస్సు కూడా లేదు, గాజు పలక మీద చేత్తోనే పోస్తారు. ఈ ఊళ్ళో 1922లో స్వదేశీ పట్టుదలతో మొదలైన భారత్ టైల్స్ వాళ్ళు ఇవాళ్టికీ ఈ బిళ్ళలు చేస్తున్నారు.

కార్ఖానా మేస్త్రి పగిలిన ముక్కను చేతిలో తిప్పి చూసి, పువ్వు సరిగ్గా ఇదే వస్తుంది గాని రంగు రాదన్నాడు. ఎనభై ఏళ్ళ అడుగుల కింద అరిగిన ఎరుపు కొత్తగా ఎలా వస్తుంది? కావాలంటే కొంచెం నలుపు కలిపి పాతదానిలా కనిపించేట్టు చేస్తాను, ఎవరూ పోల్చుకోలేరన్నాడు. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే కొంచెం పుస్తకాల పాండిత్యం వొలకబోయాలి, క్షమించండి. పోయిన శతాబ్దానికి ముందటి శతాబ్దంలో యూరపులో దీని మీద పెద్ద రగడే జరిగింది. ఫ్రాన్సులో వియోలె ల్యుదుక్ అనే ఆయన, పాత కట్టడాన్ని దాని పరిపూర్ణ రూపానికి తేవాలన్నాడు. ఆ రూపం గతంలో ఎన్నడూ లేకపోయినా ఫర్వాలేదట! ఇంగ్లండులో రస్కిన్ 1849లోనే, పాతదాన్ని తిరిగి నిలబెట్టామనడమే అబద్ధమని కొట్టిపారేశాడు. ఆ దారిలోనే విలియం మోరిస్ 1877లో ఒక సంఘం పెట్టి, రోజువారీ సంరక్షణ చేయండి చాలు, వేషం వెయ్యొద్దన్నాడు. చివరికి 1964లో వెనిస్‌లో నిపుణులు కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. పోయిన భాగం చోట కొత్తది పెడితే అది మొత్తంతో పొసగాలి, అయితే కొత్తదని కూడా తెలియాలి. నాకు ఈ మాట బాగా నచ్చింది. పంచెకు మాసిక వేస్తే మాసిక కనిపించడంలో సిగ్గేముంది?

కాబట్టి మా నడవాలో ముప్ఫై ఒక్క బిళ్ళలు ఎర్రగా, కొత్తపెళ్ళికూతురు పాదాల్లా, మిగతావాటి మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బర్మా టేకు వీధి తలుపు అడుగున చివికిపోతే, రాజస్థాన్ నుంచి వచ్చిన వడ్రంగి చివికినంత మేర కోసి, కొత్త చెక్కకు నాలుకలా తీసి పాతదాని గాడిలో కూర్చాడు. ఒక్క మేకు లేదు. పాలిషు ముదురుగా వేయించి అతుకు కనపడకుండా చేయమంది మా ఆవిడ. నేను వెనిస్ ఒడంబడిక ఎత్తుకున్నాను. ఆమె నా వంక చూసి, మీ ఇష్టం అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ అతుకూ ఆ బిళ్ళలూ చూపించి నిజాయితీ గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇంత గర్వంలో ఉండగా మెట్ల సంగతి వచ్చింది.

ఆర్కిటెక్టు అమ్మాయి పాయఖానా కొలతలకని వెనక తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది. “అంకుల్, ఈ ఇంట్లో అన్నిటికన్నా అందమైనది ఇదే” అంది. నేనూ చూశాను. నిజంగానే అందంగా ఉంది. పోత ఇనప మెట్లు. మెట్టు మెట్టుకూ జాలీలా చిల్లుల ముగ్గు. నడిమి స్తంభం చుట్టూ మెట్లు విసనకర్రలా విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. పదకొండింటికి పైనుంచి ఎండ పడితే ఆ చిల్లుల నీడ గోడ మీద తిరుగుతుంది. అమ్మాయి అప్పటికప్పుడే చెప్పేసింది. తుప్పు గీకించి నల్లరంగు వేయిద్దాం, చెక్క తలుపు తీసి గాజు తలుపు పెడదాం, మన అంతస్తు దగ్గరున్న అరుగు మీద తీగలు పెంచుదాం, రాత్రి కిందనుంచి దీపం. భవనం సొసైటీని ఒప్పిస్తే సరి. నాకు నోరూరింది.

అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని వింటోంది. “అది అందమా?” అంది. కాసేపాగి, “ఇనుము చప్పుడైతే వంటింటి తలుపు మూసెయ్యమనేది మీ నాయనమ్మ” అంది.

అమ్మ ఆ ఇంటికి 1961లోనే కొత్తకోడలుగా వచ్చింది. పొద్దున ఏడింటికి వెనక మెట్ల మీద చప్పుడయ్యేది. చీపురూ డబ్బా పట్టుకుని ఒకామె ఎక్కి వచ్చేది. ఫ్లష్షు ఉంది గనక చేత్తో ఎత్తే పని లేదు, కడిగే పనే. కడగడానికి నీళ్ళు లోపలినుంచి పైనుంచి పొయ్యాలి, ఆమె కుళాయి ముట్టుకోకూడదు. నెల కాగానే జీతం మెట్టు మీద పెట్టాలి, చేతికివ్వకూడదు. ఆమె దిగిపోయిన చప్పుడు పూర్తిగా ఆగాక వంటింటి తలుపు తియ్యాలి. ఇవన్నీ కోడలికి నేర్పింది మా నాయనమ్మ. తాతతో పాటు తట్ట మోసిన నాయనమ్మ.

“నువ్వు మూసేదానివా అమ్మా?” అన్నాను.

“మూసేదాన్ని బిడ్డా” అంది. ఇంకేమీ చెప్పలేదు.

ఆ మెట్లు అందుకే కట్టారు. అలంకారానికి కాదు, నిప్పంటుకుంటే పారిపోవడానికీ కాదు. పాయఖానా కడిగే మనిషి ఇంట్లో అడుగుపెట్టకుండా పాయఖానా దాకా రావడానికి. ప్లాను గీసినప్పుడే అస్పృశ్యతను కొలతలు వేసి గీశారు. గాలీ వెలుతురూ లెక్కగట్టిన చేత్తోనే ఇదీ లెక్కగట్టారు. ఆ ఇనుము పోతపోసినవాడు మాత్రం తన పని తాను శ్రద్ధగా చేశాడు. ఆ చిల్లుల ముగ్గు అతనిది.

ఇప్పుడు నా నిజాయితీ ఏమైనట్టు? ముప్ఫై ఒక్క బిళ్ళల దగ్గర అతుకు కనపడాలని పట్టుబట్టినవాణ్ణి, ఈ మెట్ల దగ్గరికొచ్చేసరికి తీగలు పాకించి దీపం పెట్టి కప్పేద్దామనుకున్నాను. ఎనభై ఏళ్ళ అరుగుదల చూపించాలి, ఎనభై ఏళ్ళ అంటు మాత్రం చూపించకూడదు!

కొన్నాళ్ళు ఇదే ఆలోచన. మెట్లు తీసేయిద్దామంటే అవి నావి కావు, భవనానివి. పోనీ తీసేయించగలిగినా ఎవరికి మేలు? సాక్ష్యం మాయమైతే సుఖపడేది కడిగినవాళ్ళా, కడిగించుకున్నవాళ్ళా? ఇక ఉంచేసి, ఇవి ఫలానా పనికి కట్టినవి అని గోడకు ఒక పలక పెడితే? అనుకుంటేనే నవ్వొచ్చింది. ముందు గుమ్మానికి నా పేరు పలక, వెనక గుమ్మానికి నా పాపం పలక, రెండూ ఇత్తడివే. పశ్చాత్తాపం కూడా ఇంటి అలంకరణలో భాగమైపోతుంది. వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికి ఇంకొకటి.

ఇది ముంబయి ముచ్చట అని మీరు పుట తిప్పేయకండి. బెంగుళూరులో, చెన్నైలో పాత ఇళ్ళ వెనక సన్నటి సందులు చూసే ఉంటారు. బెంగుళూరులో తెల్లవారకముందే వీధులూడ్చే పౌరకార్మికుల్లో ఎందరో ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. తమిళనాట పారిశుద్ధ్యపు పనిలో తరతరాలుగా నలిగిన అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. చేత్తో మలం ఎత్తే పనిని రూపుమాపడానికి పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది కర్ణాటకలో కోలారు బంగారు గనుల దగ్గర, ఆ పని చేసిన తెలుగు కుటుంబంలో. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొకటి వచ్చాయి. మురుగుకాలవల్లో దిగి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. పరిహారం పెంచవలసి వచ్చిందంటే చావులు ఆగలేదనేగా.

పరాయి రాష్ట్రాల్లో మన భాష ఎలా నిలిచిందని మనం సభలు పెట్టుకున్నప్పుడు తంజావూరు నాయకరాజుల్నీ, త్యాగరాజునీ, గ్రంథాలయాల్నీ తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. అవన్నీ ముందు గుమ్మం. నేనూ మా తాత తట్టను సభల్లో చాలాసార్లు మోశాను, చప్పట్లకు. వెనక మెట్లెక్కి ఈ నగరాల్లోకి వచ్చిన తెలుగు గురించి నేను ఒక్క సభలోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు పాయఖానాలు కడగడానికి వచ్చే ఆమె మరాఠీ మనిషి. ఇరవై ఏళ్ళుగా వస్తోంది. అంతకుముందు ఆమె అత్త వచ్చేది. ఈ ఊరి అలవాటు ప్రకారం మేమంతా ఆమెను మావ్‌షీ అంటాం, అంటే పిన్ని. పిన్నీ అని పిలుస్తాం, వెనక తలుపే తీస్తాం. అంటుగింటూ ఇప్పుడెవరికీ లేదనే చెబుతాం. భవనానికి కొత్తగా లిఫ్టు పెట్టినప్పుడు మాత్రం, పనివాళ్ళు వాడరాదని కమిటీ ఒక కాగితం అంటించింది. నేను ఆ కమిటీలో ఉన్నాను. కరెంటు ఖర్చు గురించి అన్నారు, సంతకం పెట్టాను.

అమ్మ ఆ మాట చెప్పిన వారానికి, మావ్‌షీ వచ్చినప్పుడు నేను కొంచెం గొంతు సవరించుకుని, రేపటినుంచి నువ్వు ముందు గుమ్మంలోంచే రావాలి అని ప్రకటించాను. ఆమె కళ్ళు చెమరుస్తాయని లోపల్లోపల ఎదురుచూశానేమో కూడా. ఆమె బకెట్టు కింద పెట్టి, “ఎందుకు సాహెబ్? నాకు ఈ వెనక వరసలో నాలుగిళ్ళున్నాయి. ఇటైతే ఒక్కసారి ఎక్కి దిగుతూ నాలుగూ ముగించుకుంటా. మీ ఒక్కరికోసం చుట్టూ తిరిగి రమ్మంటారా, అదీ లిఫ్టు లేకుండా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె చీపురు తీసుకుని లోపలికి పోతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “ఏమైనా చేయాలనుంటే ఆ మెట్లు బాగుచేయించండి. కింద నాలుగోది సగం లేదు. వానాకాలంలో మా అత్త అక్కడే పడింది.”

మా అత్త అంది. అంటే ఎన్నేళ్ళ కిందట! అందమైన మెట్లని ఆర్కిటెక్టు అమ్మాయీ నేనూ పైనుంచి అంతసేపు చూశాం గదా, సగం లేని మెట్టు ఇద్దరికీ కనపడలేదు. పైనుంచి చూస్తే కనపడదు. ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెనక తలుపు తీసి దిగాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మెట్ల మీద కాలు పెట్టడం అదే. ఇరవై రెండు మెట్లు. పట్టుకునే కమ్మీ రెండు చోట్ల ఊగుతోంది. బకెట్టు పట్టుకున్న చెయ్యి గోడకు రాసుకునేచోట సున్నం లేచిపోయి, భుజమెత్తున ఒక నున్నటి చార పైదాకా సాగింది. మళ్ళీ ఎక్కాను. మోకాళ్ళు నావీ పట్టాయి.

కమిటీలో అడిగాను. మెట్లకు రంగు వేసి దీపాలు పెడదామంటే సరేనన్నవాళ్ళే, పగిలిన మెట్టు మార్చడానికి డబ్బు లేదన్నారు. మా అబ్బాయికి ఫోను చేసి, మోడ్యులర్ వంటిల్లు వద్దురా, ఆ డబ్బు దీనికి వాడతానన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. అమ్మను అడిగారా అన్నాడు. వాళ్ళమ్మను. అడగలేదు. అడిగాక ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను. వంటింట్లో సగం పని మాత్రం ఆగింది.

పోత ఇనుము అతకడం కష్టం, వేడి తగిలితే పగుళ్ళు పారుతుంది. అందుకని వెల్డింగు మనిషి ఐదు మెట్లకు ఉక్కు పలకలు కోసి, బోల్టులతో బిగించాడు. ముగ్గు లేదు, చిల్లులు లేవు, కాలు జారకుండా గరుకు గీతలున్నాయి. పొసగలేదని ఆర్కిటెక్టు అమ్మాయి బాధపడింది. మావ్‌షీ ఒక్కో మెట్టు మీదా కాలితో గట్టిగా తన్ని చూసి, కమ్మీ కూడా బిగించమని చెప్పి పోయింది.

కమ్మీ బిగించడం అయింది. లిఫ్టు కాగితం ఇంకా గోడ మీదే ఉంది. వచ్చే ఆదివారం మీటింగు. నా సంతకం వెనక్కి తీసుకుంటానని ముందే రాసిచ్చాను. నాతో కలిపి ఇద్దరం తేలాం, కమిటీలో తొమ్మిదిమంది.